ఖాళీ జాగ గుంజుడు

“జర నీళ్లు తెస్తవా?” అన్నాడు మల్లేశం, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఎవరినడిగాడో పేరు పెట్టి చెప్పలేదు. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ ఇంట్లో నీళ్లడగడానికి పేరు అవసరం పడలేదు. ఎండకు జడిసి తలుపులన్నీ మూసిన ఆ ముందుగదిలో అప్పుడు నలుగురున్నారు. మంచం మీద అత్త భద్రమ్మ దీపానికి ఒత్తులు చేసుకుంటోంది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసేసిన కూతురు సౌమ్య చాప మీద బోర్లా పడుకుని ఫోన్ చూసుకుంటోంది. మోటారు వైండింగ్ షాపు నుంచి అన్నానికి వచ్చిన మల్లేశం కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. కిటికీ మూలన కుట్టుమిషన్ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని సౌందర్య. నీళ్ల రంజనుకు అందరికంటే దూరంగా ఉన్నది ఆమే. లేచింది కూడా ఆమే.

గ్లాసు ఇచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుని కడిగి బోర్లించి, మళ్లీ వచ్చి కూర్చుంది. కూర్చున్నాక తెరమీది అంకెల వైపు చూడకుండా గదివైపు చూసింది. నలుగురం ఉన్నాం, ఎవరైనా లెక్కబెడితే నలుగురమనే రాసుకుంటారు, కదిలింది మాత్రం ఒక్కదాన్నే అనుకుంది. అనుకున్నదే తడవు గబగబా పాత ఫైళ్లు తెరవడం మొదలుపెట్టింది.

సౌందర్య తొర్రూరులో సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఉద్యోగం చేస్తూనే ఏడేళ్లుగా వరంగల్‌లో పీహెచ్‌డీ. ఆమె చదివేది మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి పదార్థం గురించి. బేరింగులకు పూసే ఒకరకం గ్రీజులో కలిపేది అదే. మల్లేశం షాపులో కూడా ఓ డబ్బా ఉంటుంది. “నా గ్రీజు మీద నువ్వు డాక్టరైతున్నవన్నట్టు” అని అతను నలుగురిలో నవ్వుతుంటాడు. ఆ నల్లటిదాన్నే ఒక్క పొరగా ఒలిస్తే మంచి సెమీకండక్టరు అవుతుంది, వెలుగు పడితే తిరిగి మెరుస్తుంది. వెలుగు తగిలినప్పుడు ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైకి లేస్తుంది. కింద దాని చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ ఊరుకోదు, లేచిపోయినదాన్ని తనవైపు లాగుతూ ఉంటుంది. ఎలక్ట్రాన్ పూర్తిగా విడిపోనూ లేదు, వెనక్కి వచ్చి కూర్చోనూ లేదు. కాసేపు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. ఆ జంటకు ఎక్సైటాన్ అని పేరు. ఎలక్ట్రాన్‌ను ఒంటరిదిగా తీసుకుని లెక్క చేస్తే, ఆ పొర ఏ రంగు వెలుగును మింగుతుందో తప్పు జవాబు వస్తుంది. లాగే ఖాళీని లెక్కలోకి తీసుకోవాలి, చుట్టూ ఉన్న వేలకొద్దీ ఎలక్ట్రాన్లనూ తీసుకోవాలి. అవి తలా కొంచెం పక్కకు జరిగితే ఆ లాగుడు మెత్తబడుతుంది.

ఆమె లెక్కలో అది మెత్తబడడం లేదు. మూడు నెలల నుంచి అదే తంటా. ప్రయోగంలో పొరను గాజుపలక మీద పరిచి కొలిచారు. ఆ జంటను పట్టి ఉంచే బంధశక్తి అక్కడ వచ్చినదానికి రెట్టింపు వస్తోంది ఈమెకు. గాజును కూడా లెక్కలో పెట్టింది, దాని అణువులన్నీ వరసగా పేర్చింది. అయినా అదే రెట్టింపు. “ఎక్కడో ఏదో మరిచిపోయినవమ్మా” అన్నారు గైడు వెంకటేశ్ సార్. ఇప్పుడు ఫైళ్లు తిరగేస్తే బయటపడింది. గాజును పెట్టింది గానీ, చుట్టూ ఉన్నవి ఎంత కదులుతాయో చెప్పే ఫైలు మాత్రం పాతదే వాడింది. పొర శూన్యంలో వేలాడుతున్నట్టు మొదట్లో చేసిన లెక్క తాలూకు ఫైలు అది. అంటే గాజు ఉన్నట్టే ఉంది, కదలడం లేదు.

సౌందర్యకు నవ్వాగలేదు.

“ఏందే, నీలనువ్వే నవ్వుతున్నవ్?” అంది భద్రమ్మ.

చెప్పాలనిపించింది. ఏడేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఏం చదువుతున్నావని అడగలేదు, ఎప్పుడు అయిపోతుందని మాత్రమే అడిగారు. సౌందర్య లేచి అత్త మంచం పట్టె మీద కూర్చుని, ఎలక్ట్రాన్ సంగతి, ఖాళీ సంగతి, చుట్టూ ఉన్నవాటి సంగతి తనకొచ్చిన తేలికమాటల్లో చెప్పింది. భద్రమ్మ ఒత్తి చేయడం ఆపి విన్నది.

“అంటె, ఎల్లిపోయిన మనిషిని ఎల్లిపోయిన జాగనే గుంజుతదంటవ్.”

“అవునత్తమ్మా.”

“గిది తెల్సుకునేతందుకు ఏడేండ్లు సదివినవా? నన్నడిగితె పెండ్లైన కొత్తల్నే చెప్దును గద.” మళ్లీ ఒత్తి చేతిలోకి తీసుకుంది. “మరి గా గుంజుడు తగ్గాల్నంటె?”

“చుట్టున్నోళ్లు కదలాలె. ఉంటె సాలదు.”

“ఊఁ” అని ఊరుకుంది ముసలామె.

కొత్త లెక్క వరంగల్ కంప్యూటర్ మీద పదకొండు రోజులు నడిచింది. ఇంట్లో నుంచే దానికి పనులు పంపడం, మధ్యాహ్నం అత్త కునుకు తీసే రెండు గంటల్లో వచ్చిన అంకెలు చూసుకోవడం. కూరగాయలు తరిగే చేతుల్తోనే మీటలు నొక్కుతుంది కాబట్టి లాప్‌టాప్‌కు ఎప్పుడూ కొత్తిమీర వాసన. ఆ పదకొండు రోజులూ సౌందర్య మనసు రెండు చోట్ల ఉడికింది. నిరుడు ఒకే ఒక్కరోజు వరంగల్ పోయినప్పుడు ఇంటినుంచి పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. చాయపత్త డబ్బా ఏడవెట్టినవ్? బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యాలె? బోరు మోటరు బంద్ చేసినవా? కూరల ఉప్పేసినవా లేదా? పద్నాలుగో ఫోన్‌లో మల్లేశం తన నీలం చొక్కా ఎక్కడుందని అడిగాడు. అది అప్పుడు అతని ఒంటి మీదే ఉందని తర్వాత సౌమ్య చెప్పింది. కోపం వచ్చి ఉండాల్సింది. రాలేదు, గర్వంలాంటిదేదో వచ్చింది. నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు అనుకుని బస్సులో ముసిముసిగా నవ్వుకుంది కూడా. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. కాలేజీలో ఇంకో తీరు. మంత్రి వస్తే ముగ్గు, ఆఫీసర్ వస్తే బొకే, ఎవరైనా రిటైరైతే మిఠాయిల ఆర్డరు, అన్నీ ఆమెకే. “మేడం చేస్తే నీట్‌గా ఉంటది” అంటాడు ప్రిన్సిపాల్. అదే మేడం, సెలవు కాగితం తీసుకెళితే “ఇప్పుడు పీహెచ్‌డీ ఎందుకు మేడం, మీ సార్ షాపు మంచిగనే నడుస్తుంది గద” అంటాడు. పొగిడినట్టే ఉంటుంది అందరి మాటా, చివరకు ఒక పని చేతిలో పడుతుంది.

పన్నెండో రోజు జవాబు వచ్చింది. బంధశక్తి సగానికి దిగింది, ప్రయోగం పక్కనే నిలబడింది. సార్‌కు పంపితే సాయంత్రమే ఫోన్ చేశారు. “మంచిగ పట్టినవమ్మా. ఇగ ఆలస్యం వద్దు. సబ్మిషన్‌కు ముందటి సెమినార్ ఈ బుధవారం పదకొండు గంటలకు పెడుతున్న. నీ గడువు నెలాఖరుకు అయిపోతది, ఇంకోసారి పెంచరు. ఈ బుధవారం తప్పితే ఏడేండ్ల పని గంగల కలుస్తది.”

బుధవారమే అన్నది ఇంట్లో అందరికీ చెప్పింది. అందరూ తలూపారు.

మంగళవారం సాయంత్రం ఆడబిడ్డ భాగ్య దిగింది. చిట్యాల నుంచి వరంగల్‌లో బస్సు మారి, రెండు బస్తాల పచ్చి మామిడికాయతో. “గాలిదుమారం వస్తదని పొద్దుగాల్నే కాయ తెంపించినం వదినె. రేపే కొట్టి కలపాలె, ఒక్కదినం ఆగితె మెత్తగైతయి.” బస్తా మూతి విప్పి కాయ చూపించింది. గట్టి కాయ, పులుపు వాసన గుప్పుమంది.

ఆ ఇంటి ఆవకాయ తొక్కు సంగతి చెప్పాలి. ఏటా మూడిళ్లకు అక్కడే పెడతారు. ఈ ఇంటికి, చిట్యాలలో భాగ్యకు, నర్మెట్టలో భద్రమ్మ తమ్ముడింటికి. కాయ ఎవరైనా కొట్టొచ్చు, ముక్క ఎవరైనా తుడవొచ్చు. కలిపేది మాత్రం సౌందర్య. పెళ్లయిన మొదటి ఏడే భద్రమ్మ ఆమె కుడిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “నీ చెయ్యి మంచిదే బిడ్డా, నీ చెయ్యి పడ్డ తొక్కు చెడిపోదు” అంది. కొత్తకోడలికి ఆ మాట బంగారు గాజుల కంటే ఎక్కువైంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా పెద్ద గంగాళంలో మోచేతుల దాకా కారం ముంచి, నడుము వంచి, ఎవరితో మాట్లాడకుండా కలిపింది ఆమే. చేతులు రెండు రోజులు భగ్గుమనేవి. ఇంకొకరు వేలు పెడితే బూజు పడుతుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం, ఆమెతో సహా.

“రేపు వదినెకు వరంగల్ల ఏందో మీటింగున్నది” అన్నాడు మల్లేశం, బస్తా పక్కకు జరుపుతూ.

“గదేందన్నా, మీటింగు మళ్లొస్తది, కాయ ఆగుతదా? వదినె చెయ్యి పడకపోతె యాడాది పొడుగుత మూడిండ్లు ఏం తినాలె?” భాగ్య కోపంగా అనలేదు, ప్రేమగానే అంది. ప్రేమగా అనే మాటకు జవాబివ్వడం మరీ కష్టం.

మల్లేశం గొంతు తగ్గించాడు. “సార్‌కు ఒక్క ఫోన్ జెయ్యరాదు? వచ్చే వారం పెట్టుమను. నీ మాటంటె ఇంటడు గద.”

అతను చెడ్డవాడు కాదు. కాలిపోయిన మోటారులోంచి వెంట్రుకంత తీగను తెగకుండా విప్పగల ఓపిక ఉన్నవాడు. ఆ ఓపిక షాపు దాటి ఇంటికి వచ్చిన గుర్తు లేదు, అంతే. సౌందర్య భద్రమ్మ వైపు చూసింది. భద్రమ్మ మాత్రం కాయలు ఏరుతూ తలెత్తలేదు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, పొద్దున నాలుగింటికి లేచి కలిపేసి పోతే కుదురుతుందా అని లెక్కవేసింది. కాయ కొట్టాలి, జీడి తీయాలి, ముక్క తుడిచి ఆరబెట్టాలి. కుదరదు. కుదరదని తేలినప్పుడు భయం వేయాల్సింది, ఊపిరి తేలికగా ఆడింది.

లోపలికి వెళ్లి, గ్రాఫు కాగితం ఒకటి తిప్పేసి, దాని వెనక రాయడం మొదలుపెట్టింది. ముక్కలు ఎన్ని సోలలకు కారం ఎంత, ఉప్పు ఎంత, మెంతిపొడి, ఆవపిండి, వెల్లుల్లి, నూనె ఎప్పుడు సగం, ఎప్పుడు మిగతా సగం. తడి తగలొద్దు. కింది నుంచి పైకి కలపాలి. మూడో రోజు మళ్లీ కలపాలి. ఇన్నాళ్లూ అందాజతో వేసిందే, ఎప్పుడూ కొలవలేదు, కళ్లు మూసుకుని తన పిడికిలి తలచుకుంటూ ఒక్కొక్కటి సోలల్లోకి మార్చింది. రాసి చూసుకుంటే ఎనిమిది వరసలు. తన చేతి మంచితనమంతా ఎనిమిది వరసలకు వచ్చిందా అని కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అతికించి, రేపు కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకుంది.

పొద్దున ఏడింటి బస్సు ఎక్కేటప్పుడు ఎవరూ ఆపలేదు, సాగనంపనూ లేదు. ఎదురుగా వచ్చిన సౌమ్య మాత్రం “ఆల్ ది బెస్ట్ మమ్మీ” అని వాటర్ బాటిల్ చేతికిచ్చింది. నీళ్లు నింపే ఇచ్చింది.

బస్సు కదిలిందగ్గర్నుంచి సౌందర్య చెయ్యి బ్యాగులో ఫోన్ మీదే ఉంది. వర్ధన్నపేట వచ్చింది, ఫోన్ రాలేదు. వరంగల్ వచ్చింది, రాలేదు. సిగ్నలుందా అని రెండుసార్లు చూసుకుంది. ఇంటినుంచి పిలుపు రాకపోవడం ఇంత వెలితిగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఖాళీ ఒక్కటే ఎలక్ట్రాన్‌ను లాగదు, ఎలక్ట్రాన్ కూడా ఖాళీని అంతే బలంగా లాగుతుంది. ఆ సంగతి వందసార్లు సమీకరణంలో రాసింది, ఇప్పుడు బ్యాగులో ఫోన్ పట్టుకున్న తన చేతిని చూస్తే సిగ్గేసింది. ఫోన్ వదిలేసి జిప్పు వేసింది.

సెమినార్ గదిలో పదిహేను మంది ఉన్నారు. మొదటి పది నిమిషాలు తెరమీద ఉన్నది చూసి చదివింది. తన తప్పు దగ్గరకొచ్చేసరికి తెర వదిలి వాళ్లవైపు తిరిగింది. గాజును పెట్టి కూడా కదలనివ్వకపోవడం ఎలా జరిగిందో, ఎలా పట్టుకుందో దాచకుండా చెప్పింది. బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, “ఇల్లు, ఉద్యోగం చూసుకుంటూ ఇంత చేశారంటే చాలా గొప్ప అమ్మా” అని మొదలుపెట్టారు. ఇల్లూ ఉద్యోగమూ ఆయనకూ ఉన్నాయి, ఆ గొప్పతనం మాత్రం మగవాళ్లకు ఎవరూ అంటగట్టరు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు. “మరి బంధశక్తి సగానికి తగ్గినప్పుడు, పొర వెలుగు మింగే చోటు కూడా బాగా జరగాలి కదా? మీ గ్రాఫులో దాదాపు అక్కడే ఉంది. ఎందుకని?”

సౌందర్యకు ఆ ప్రశ్న కోసమే ఏడేళ్లు ఎదురుచూసినట్టనిపించింది. “చుట్టూ ఉన్నవి కదిలితే లాగుడు ఒక్కటే తగ్గదు సార్. ఎలక్ట్రాన్ ఎక్కాల్సిన ఎత్తు కూడా తగ్గుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. అందుకని మెరుపు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే ముడి మాత్రం వదులవుతుంది.”

పెద్దాయన కాసేపు గ్రాఫు చూసి, కళ్లజోడు తీసి, “కరెక్ట్” అన్నారు. ఈసారి అమ్మా అనలేదు.

చాయ్ దగ్గర వెంకటేశ్ సార్ ఒక కాగితం చేతిలో పెట్టారు. హైదరాబాద్‌లో ఒక ల్యాబు వాళ్లు ఇలాంటి పొరలనే కొలుస్తున్నారు, లెక్కలు చేసేవాళ్లు కావాలి, జూన్ పది నుంచి మూడు నెలలు, ఉండటానికి హాస్టలు ఇస్తారు. “ఇంట్ల అడిగి రేపు చెప్పమ్మా” అన్నారు. సౌందర్య ఆయన జేబులోంచే పెన్ను అడిగి తీసుకుని, అక్కడే, సమోసా ప్లేటు పక్కన పెట్టి సంతకం చేసింది.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. గేటు దగ్గరే కారం, వెల్లుల్లి, పల్లినూనె వాసన. వరండాలో మల్లేశం గిన్నెడు మజ్జిగలో రెండు చేతులూ ముంచి కూర్చున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది.

“మంట బెడుతున్నయా?” అని అడిగింది.

“పంతొమ్మిదేండ్లు ఎట్ల జేసినవే గీ పని?” అన్నాడు. అందులో వెటకారం లేదు. ఆ ఒక్క ప్రశ్నకు సౌందర్య లోపల ఏదో మెత్తబడింది, ఇంత ఆలస్యమెందుకన్న కోపంతో పాటే.

లోపల మూడు జాడీలకు గుడ్డలు కట్టి వరసగా ఉన్నాయి. గోడ మీది కాగితంలో ఉప్పు వరస కింద మల్లేశం వంకర రాతతో ‘అరసోల తక్కువ వెయ్యాలె’ అని ఉంది. కారం వేలి ముద్ర కూడా ఒకటి. భాగ్య చిన్న గిన్నెలో తొక్కు తెచ్చి ఇచ్చింది. సౌందర్య ముక్క నోట్లో పెట్టుకుంది. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. ముక్క గట్టిగా, పుల్లగా, బాగుంది.

“మంచిగైంది. ఒక్క ఫోన్ గూడ చెయ్యలేదేంది?” అంది.

“ఎట్ల జేస్తం వదినె? అందరి ఫోన్లు గుంజుకోని అమ్మ బియ్యం డ్రమ్ముల ఏసి, దాని మీద కూసున్నది. కాగితమున్నది, సదువొచ్చినోళ్లు ముగ్గురున్నరు, సదువుకోని కలుపుండ్రి అన్నది.”

“మరి నా చెయ్యి పడకపోతె చెడిపోతదంటరు గదా” అంది సౌందర్య, అత్త మంచం దగ్గరకు పోయి.

భద్రమ్మ కాసేపు కొంగు సర్దుకుంది. “చెయ్యి గుణమూ లేదు, కాలి గుణమూ లేదు బిడ్డా. గా మాట మా అత్త నాకు చెప్పింది. ముప్పై ఏండ్లు నా చేతులు మండినయ్. నువ్వచ్చినంక నీకు జెప్పిన, నాకు నడుము నొప్పి తప్పింది.”

సౌందర్యకు ముందు ఒళ్లంతా కోపం వచ్చింది. బంగారు గాజుల కంటే మిన్నగా దాచుకున్న మాట అది. ఆ తర్వాత, తను రాకముందు ముప్పై ఏళ్లు ఈ గంగాళం ముందు నడుము వంచిన ఆడది కళ్ల ముందు కనబడి, కోపం ఎటు పెట్టాలో తెలియలేదు.

“మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్ అత్తమ్మా? ఇంకో పదేండ్లు నడిచేది గదా.”

“నువ్వే అంటివి గద, చుట్టున్నోళ్లు కదలాలె, ఉంటె సాలదని. నేను గూడ చుట్టున్నదాన్నే గద.”

సౌందర్య ఆ మంచం పట్టె మీదే కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకోబోయి, వేళ్లకు తొక్కు ఉందని గుర్తొచ్చి ఆగింది. వేళ్లు గిన్నె అంచుకు తుడుచుకుని, “జూన్ పదిన హైదరాబాద్ పోతున్న. మూడు నెలలు ల్యాబుల పని. సంతకం పెట్టే వచ్చిన” అంది.

మల్లేశం వరండాలోంచి లోపలికి వచ్చాడు. మజ్జిగ కారుతున్న చేతులు రెండూ గాలిలో పట్టుకుని, అలవాటు కొద్దీ, “జర నీళ్లు” అన్నాడు.

ఇప్పుడు గదిలో భాగ్య, చాప మీది సౌమ్యతో కలిపి అయిదుగురున్నారు. సౌందర్య కూర్చునే ఉంది. ఎవరు లేచారో తలతిప్పి చూడలేదు. వంటింట్లో రంజను మూత తీసిన చప్పుడైంది.